ఎర్ర మూట, తెల్ల మూట

మా నాయన పగటిపూట ఫోన్ చెయ్యడు. పనిలో ఉంటాను, మధ్యలో కదిలించకూడదని ఆయన లెక్క. రాత్రి ఎనిమిదిన్నరకి, అమ్మ సీరియల్ అయిపోయాక చేస్తాడు. అలాంటిది 2023 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున పదకొండింటికి, స్టాండప్ మీటింగు మధ్యలో ఆయన ఫోన్ వచ్చింది. గుండె జారిపోయింది. బయటికొచ్చి ఎత్తితే, "లారీ వెనక్కి పంపించినారు రా" అన్నాడు.

లారీలో ఉన్నది మా ఉర్లగడ్డ. (తెలియనివాళ్ళకి: కోస్తా వాళ్ళ బంగాళాదుంప, తెలంగాణ వాళ్ళ ఆలుగడ్డ, మా పలమనేరు వైపు ఉర్లగడ్డ. బెంగుళూరులో నలుగురు తెలుగువాళ్ళం చేరి కూరకేం తెద్దామని మాట్లాడుకుంటే నాలుగో నిమిషంలో ఇంగ్లీషులోకి దిగిపోవడానికి ఇదీ ఓ కారణం.) ఆ ఏడు ఎకరం పావులో ఒక చిప్స్ కంపెనీతో ఒప్పందం మీద వేశాం. విత్తనం వాళ్ళే ఇచ్చారు, కుఫ్రి చిప్సోనా రకం. కిలో పదహారు రూపాయలని ముందే రాసుకున్నారు. తీరా పది టన్నులు గేటు దాకా పోయాక, శాంపిల్ తీసి, "ఎండు పదార్థం చాల్లేదు" అన్నారు. లారీ అట్నుంచి అటే బెంగుళూరు యార్డుకి పోయింది. అక్కడ కిలో తొమ్మిది. కిలోకి ఏడు రూపాయల చొప్పున పది టన్నులంటే డెబ్భై వేలు, రెండో బాడుగ వేరే. ఆ పంట కోసం అమ్మ గాజులు బ్యాంకులో పెట్టిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఇంతకీ ఎండు పదార్థం అంటే, గడ్డలో నీళ్ళు పోగా మిగిలేది. అందులో ఎక్కువ భాగం పిండి. చిప్స్ వేయించేటప్పుడు నీళ్ళన్నీ ఆవిరైపోతాయి కాబట్టి, నీళ్ళెక్కువున్న గడ్డకి నూనె ఎక్కువ ఖర్చు, చిప్స్ తక్కువ. గేటు దగ్గర దీన్ని కనుక్కోవడానికి ఎవరూ ఓవెన్ పెట్టుకుని కూర్చోరు. ఆర్కిమెడిస్ పద్ధతే. 5 కిలోల గడ్డల్ని గాల్లో తూచి, మళ్ళీ నీళ్ళలో వేలాడదీసి తూస్తారు. పిండి ఎక్కువుంటే గడ్డ బరువైనది, నీళ్ళలో కూడా ఎక్కువ తూగుతుంది. 370 గ్రాములు తూగితే సాంద్రత 1.080, ఎండు పదార్థం 20 శాతం దాటినట్టు. మావి 340 తూగాయి, అంటే 1.073, పంతొమ్మిది చిల్లర శాతం. తేడా ముప్పై గ్రాములు. పిడికెడు చెనిక్కాయ విత్తనాలంత.

మీలో ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి ఆ తర్వాత నేనేం చేశానో ఊహించడం కష్టం కాదు. గూగులించాను. మూడు రాత్రులు కూర్చుని ఉర్లగడ్డ మీద, ఎరువుల మీద దొరికిందల్లా చదివాను. నాలుగో రోజుకి దోషి దొరికేశాడు: ఎర్ర పొటాష్.

కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను చదివింది తప్పు కాదు. ఉర్లగడ్డకి పొటాష్ పిచ్చి. టన్ను గడ్డ పొలం దాటితే దాంతోపాటు సుమారు 5 కిలోల పొటాష్ పొలం దాటిపోతుంది. ఎకరాకి పది టన్నులంటే 50 కిలోలు. నత్రజని కూడా అంత పోదు. ఆకు తయారుచేసిన చక్కెరని కిందికి మోసుకెళ్ళి గడ్డలో చేర్చే పనిలో పొటాషియం ఉంటుంది, ఆ చక్కెర పిండిగా మారడానికి కావలసిన ఎంజైము పనిచెయ్యడానికీ అదే కావాలి. పొటాష్ తక్కువైన గడ్డ కాస్త దెబ్బ తగిలితే చాలు, లోపల నల్లబడుతుంది.

అంగట్లో దొరికే పొటాష్ ల్లో మన రైతులందరికీ తెలిసింది ఎమ్ఓపీ, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. అంటే పొటాషియం క్లోరైడ్, మన ఉప్పుకి దగ్గరి చుట్టం. మూట మీద 60 శాతం అని ఉంటుంది. అది నిజానికి పొటాషియం శాతం కాదు, కె2ఓ అనే ఆక్సైడ్ రూపంలో కట్టిన లెక్క. అసలు పొటాషియం 50 శాతమే. ఎరువులో ఆ ఆక్సైడ్ ఉండనే ఉండదు, కానీ పాతకాలం వాళ్ళు అలా కొలిచారు కాబట్టి ఇప్పటికీ అలాగే కొలుస్తాం. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా :) దాని తర్వాత ఎస్ఓపీ, అంటే పొటాషియం సల్ఫేట్ (మన ఆఫీసుల్లో ఉండే ఎస్ఓపీ కాదు). పొటాష్ 50 శాతం, పైగా 17.5 శాతం గంధకం. ఇక 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. ఖరీదెక్కువ, ఎక్కువగా ఆకుల మీద పిచికారీకి, డ్రిప్పులోకి వాడతారు. షోనైట్ అని ఇంకోటుంది, 23 శాతం పొటాష్‌తో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. 10-26-26 లాంటి కాంప్లెక్సుల్లో ఉండే పొటాష్ సాధారణంగా ఎమ్ఓపీ నుంచి వచ్చిందే.

నా కేసులో ముద్దాయి ఎమ్ఓపీలోని క్లోరైడ్. మూట బరువులో దాదాపు 47 శాతం అదే. అది కణాల్లోకి చేరి తనతో నీళ్ళని లాక్కుంటుంది. గడ్డ ఊరుతుంది, పిండి పలచబడుతుంది. చదివినవాటిలో మూడు సంగతులు మళ్ళీ మళ్ళీ కనబడ్డాయి. ఎమ్ఓపీ వేసినా ఎస్ఓపీ వేసినా దిగుబడి ఇంచుమించు ఒకటే. ఎండు పదార్థం మాత్రం ఎస్ఓపీకి కొంచెం ఎక్కువొస్తుంది. మూడోది, ఏ పొటాష్ అయినా అవసరానికి మించి వేస్తే ఎండు పదార్థం తగ్గుతుంది. ఈ మూడోదాన్ని చదివి కూడా చదవనట్టే వదిలేశాను. బగ్ దొరికిందన్న సంబరంలో ఉన్నవాడికి తక్కిన లాగ్ ఎందుకు?

ఆదివారం పొద్దున్నే కోలారు, ముళబాగిలు మీదుగా ఊరికి పోయాను. మూడు గంటల దారంతా నాయనకి ఎలా చెప్పాలా అని మనసులో ప్రెజెంటేషన్ తయారు చేసుకున్నాను.

"నాయనా, తప్పంతా ఎర్ర పొటాష్‌ది. అందులో క్లోరైడ్ ఉంటుంది."

"ముప్పై ఏండ్లుగా అదే యేస్తాండా. ఇప్పుడెట్ల తప్పయింది?"

"అప్పుడు యార్డుకి అమ్మేవాడివి. అక్కడ ఎవురూ నీళ్ళలో తూచరు కదా."

దానికి ఏమీ అనలేదు. కాసేపాగి, "నువ్వు చెప్పేది మూట ఎంత?" అన్నాడు.

"25 కిలోలది, రెండువేల ఐదొందలు."

"యాభై కిలోలది పదిహేడొందలైందనే యేడుస్తాంటే!"

లెక్కేస్తే ఆయన ఏడుపులో న్యాయముంది. ఎమ్ఓపీ మూటలో 30 కిలోల పొటాష్ ఉంటుంది కాబట్టి కిలో 57 రూపాయలు పడింది. ఎస్ఓపీలో కిలో 200. మూడున్నర రెట్లు.

ఇక్కడ కాస్త రామాయణంలో పిడకలవేట. మా ఊళ్ళో ఎర్ర పొటాష్‌కి బలమెక్కువని ఒక వర్గం, తెల్లది శుద్ధమైనదని ఇంకో వర్గం. టీ అంగడి దగ్గర కొట్టుకునేంత పట్టుదల. నేను తెల్లది అన్నప్పుడల్లా నాయన తెల్ల ఎమ్ఓపీ అనుకున్నాడు. ఎరుపు అంటే ఇనుప తుప్పు, అంతే. గనిలో ఉప్పుతో కలిసి ఉన్న ఇనుప ఆక్సైడ్ ఆనవాళ్ళు. ఆ ఖనిజాన్ని నీళ్ళలో కరిగించి మళ్ళీ స్ఫటికాలుగా దించితే తెల్లది వస్తుంది. పైరుకి రెండూ ఒకటే. తేడా ఒక్క డ్రిప్పు దగ్గరే, ఎర్రది కరిగాక అడుగున బురద మిగిలి నాజిల్స్‌కి అడ్డం పడుతుంది. ఈ మాట చెప్తే రెండు వర్గాలకీ నచ్చలేదు.

నాయన రెండో వాదన బూడిద. "మీ తాత పొయ్యిలో బూడిద యేసే పండించినాడు." అదీ అబద్ధం కాదు. పొటాష్ అనే పేరే బూడిద నుంచి వచ్చింది. కట్టెల బూడిదని కుండలో నీళ్ళు పోసి మరిగిస్తే అడుగున మిగిలేది కాబట్టి కుండ బూడిద. 1807లో హంఫ్రీ డేవీ ఆ పొటాష్ నుంచే లోహాన్ని విడదీసి పొటాషియం అన్నాడు. 1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్ దగ్గర గని ఉప్పు నుంచి పొటాష్ తీయడం మొదలయ్యేదాకా ప్రపంచమంతా అడవులు కాల్చుకునే తయారు చేసుకుంది. మా ఇంట్లో గ్యాసు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఎకరాకి సరిపడా బూడిద ఎక్కడినుంచి తేవాలి?

చివరికి ఒప్పందం ఏమిటంటే, తర్వాతి పంటలో ఒక ఎకరంలో రెండూ వేసి చూడటం. మన భాషలో ఏ/బీ టెస్టింగు. కంపెనీ ఒప్పందం ఎలాగూ పోయింది కాబట్టి చిప్సోనా విత్తనం మేమే తెప్పించాం. 2023 నవంబరులో నాటేముందు పొలానికి పోయి, తూర్పు సగం ఎమ్ఓపీ, పడమర సగం ఎస్ఓపీ అని గీత గీశాను. నాయన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"తూర్పు పక్క చెరువు మట్టి తోలిన్లా, మరిచిపోయినావా?"

మరిచిపోయాను. మూడేళ్ళ కిందట అరవై ట్రాక్టర్ల వండు మట్టి తోలారు, అదీ తూర్పు పక్కనే. ఏ మందు వేసినా అక్కడ పంట బాగా వస్తుంది. ఏం చెయ్యాలని అడిగితే, "ఎనిమిది సాళ్ళు ఇది, ఎనిమిది సాళ్ళు అది, మళ్ళీ ఎనిమిది సాళ్ళు ఇది, అట్ల పోతాండు" అన్నాడు. స్టాటిస్టిక్స్ క్లాసులో నాకు ఒక సెమిస్టర్ పట్టిన విషయం.

నా ప్లానులో రెండోది కూడా పోయింది. ఎస్ఓపీని డ్రిప్పులో ఇద్దామనుకున్నాను. చలికాలం పొద్దున 200 లీటర్ల డ్రమ్ములో 25 కిలోల మూట విప్పి పోసి, కర్రతో గంటసేపు కలిపినా అడుగున గుట్టలాగే ఉంది. ఎస్ఓపీ కరగడంలో మొండిది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 110 గ్రాములే కరుగుతుంది, ఎమ్ఓపీ 340 దాకా కరుగుతుంది. అంటే ఆ డ్రమ్ములో 22 కిలోలకి మించి కరిగే ప్రసక్తే లేదు, చల్లటి నీళ్ళయితే ఇంకా తక్కువ. పదో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి. చివరికి రెండూ చేత్తోనే చల్లాం, సగం నాటేటప్పుడు, సగం మన్ను ఎగదోసేటప్పుడు. అర ఎకరాకి 30 కిలోల పొటాష్ లెక్కన ఎమ్ఓపీ ఒక మూట, ఎస్ఓపీ 60 కిలోలు.

2024 ఫిబ్రవరిలో గడ్డ తీశాం. 50 కిలోల మూటల్లెక్కన ఎమ్ఓపీ సాళ్ళలో 91, ఎస్ఓపీ సాళ్ళలో 89. కూలీలు తెలిసీ తెలియక ఒకటీ రెండూ అటూఇటూ వేసుంటారు కాబట్టి సమానమే అనుకోండి. ఇక తూకం. నేను బెంగుళూరు నుంచి ఎలక్ట్రానిక్ తూనిక యంత్రం తెచ్చాను, నాయన నీళ్ళ తొట్టి మీద అడ్డంగా కొయ్య వేసి చేప వలలాంటి సంచి కట్టాడు. ఎమ్ఓపీ సగటు 352 గ్రాములు. ఎస్ఓపీ సగటు 358. ఆరు గ్రాములు! సంతోషపడబోయి, ఎందుకైనా మంచిదని ఒకే సాలు నుంచి మూడు శాంపిల్స్ తీసి తూచాను. 346, 357, 361. ఒకే సాలులో పదిహేను గ్రాముల తేడా ఉంటే, నా ఆరు గ్రాముల్ని ఏమనాలి?

"ఆరు గ్రాములకి నాలుగువేల మూడొందలు ఎక్కువ పెట్టించినావు" అన్నాడు నాయన. అరెకరా ఎరువుల బిల్లు ఆయన నోట్లోనే ఉంది.

ఎందుకిలా అయిందో అర్థం కాలేదు. చదివిన ప్రతిచోటా తేడా వచ్చింది, మా పొలంలో ఎందుకు రాలేదు? ఒక స్నేహితుడు (వ్యవసాయం చదివి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు) ఫోన్లో అంతా విని, "మట్టి సంగతి తర్వాత, ముందు నీళ్ళు పరీక్ష చేయించు" అన్నాడు. బోరు నీళ్ళు బాటిల్లో పట్టి ల్యాబ్‌కి ఇచ్చాం. క్లోరైడ్ లీటరుకి 260 మిల్లీగ్రాములు. భయపడేంత అంకె కాదు. తాగే నీళ్ళకే 250 దాకా మంచిదనీ, వేరే నీళ్ళు లేకపోతే 1000 దాకా ఓర్చుకోవచ్చనీ బీఐఎస్ ప్రమాణం. నేనూ అదే అనుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కోలారు దాటాక టోల్ గేటు దగ్గర క్యూలో ఉన్నప్పుడు తట్టింది, మనం తాగేది రోజుకి మూడు లీటర్లు, పైరు తాగేది అన్ని కాదు కదా అని.

ఉర్లగడ్డకి పంట మొత్తం మీద 400 మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టామనుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గుణిస్తే 16 లక్షల లీటర్లు. లీటరుకి 260 మిల్లీగ్రాముల చొప్పున 420 కిలోల క్లోరైడ్. ఎకరాకి మేం వేసే రెండు మూటల ఎమ్ఓపీలో ఉండేది 47 కిలోలు. అంటే నేను మూడున్నర రెట్లు ఖర్చుపెట్టించి, నాయనతో పోట్లాడి, డ్రమ్ములో కర్ర తిప్పి ఆపింది పదో వంతు. తక్కిన తొమ్మిది వంతులు బోరు మోటరు వేసిన ప్రతిసారీ నేనే పొలంలో పోస్తున్నాను. నీళ్ళతో వచ్చిందంతా వేళ్ళ దగ్గరే నిలవదు, వాన పడితే కొంత కిందికి దిగిపోతుంది, నిజమే. సగం దిగిపోయిందనుకున్నా లెక్క మారదు. ఆ పేపర్లు రాసినవాళ్ళు వాన నీళ్ళతోనో మంచి నీళ్ళతోనో పండించుంటారు. మాది వెయ్యి అడుగుల బోరు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదని మా అవ్వ ఎప్పటినుంచో గొణుగుతూనే ఉంది. అది వేరే లవణాల మహిమ కావచ్చు, కానీ నీళ్ళని అనుమానించడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సరే, ఎర్ర మూట నిర్దోషి అనుకుంటే, 2023లో లారీ ఎందుకు తిరిగొచ్చినట్టు?

తర్వాతిసారి పోయినప్పుడు నాయన నోటుబుక్కు అడిగాను. ఆయనకి పాత అలవాటు, తమ్ముడి స్కూలు నోటుబుక్కుల్లో మిగిలిన పేజీల్లో పొలం లెక్క రాసుకుంటాడు. 2022-23 పేజీ తీశాను. నవంబరు 10న నాటడం. పొటాష్ - 1. యూరియా - 1. మళ్ళీ యూరియా - 1. డిసెంబరులో "తుపాను, మూడు దినాలు ముసురు". అది మాండూస్, 2022 డిసెంబరు 9 రాత్రి మహాబలిపురం దగ్గర తీరం దాటింది, మా వైపు బాగా కురిసింది. జనవరి మొదటి వారంలో ఇంకోసారి యూరియా - 1. ఫిబ్రవరి 3న గడ్డ తీత, అంటే 85 రోజులు. లారీ ఆ రోజే వస్తుందని కంపెనీ వాళ్ళు చెప్పారు. చిప్సోనాకి 90 నుంచి 110 రోజులుంటే మంచిది.

నేను వేలు పెట్టి చూపించాను. "పొటాష్ రెండు మూటలు కదా ఎప్పుడూ. ఇక్కడ ఒకటే ఉందే?"

"ఆ యేడు ఒకటే యేసినా."

"ఎందుకు?"

"అంతకుముందు యేడు వెయ్యి చిల్లరకి తెచ్చినా. ఆ యేడు పోతే పదిహేడొందలు అన్నాడు. యూరియా అయితే రెండొందల అరవై ఆరే కదా అని, అది ఇంగో మూట యేసినా. ముసురు పట్టినాక ఆకు పసుప్పచ్చగా అయింటే మళ్ళా ఇంగోటి."

"నన్నడిగుంటే పంపించేవాణ్ణి కదా."

"పొటాష్ మూటకి గూడా నిన్నడగాల్నా?" అని లేచి ఆవుకి నీళ్ళు పెట్టడానికి పోయాడు.

ఆ నవంబరులో నేను నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. పన్నెండు వేలు. ఏడు మూటలు.

ఎర్ర మూటలోని క్లోరైడ్ మీద అన్ని రాత్రులు చదివినవాణ్ణి, అసలు ఎన్ని మూటలు వేశావని ఒక్కసారి అడగలేదు. ఆయన సగమే వేశాడు, క్లోరైడ్ కూడా సగమే పడింది. పడింది యూరియా. ఉర్లగడ్డకి నత్రజని మొదటి నెల నెలన్నరలో కావాలి. ఆ తర్వాత కూడా ఇస్తూ పోతే మొక్క ఆకులు పెంచుకుంటూనే ఉంటుంది, గడ్డలోకి పిండి దించే పని వాయిదా వేస్తుంది. 55వ రోజున యూరియా తిన్న పైరుని 85వ రోజున పీకితే అది ఇంకా ముదరలేదు. పైగా బరువొస్తుందని నాయన రెండు రోజుల ముందు దాకా తడి ఇచ్చాడు, కిలో లెక్కన అమ్ముకునే వాడెవడైనా ఇస్తాడు. యూరియా ఎంత, తొందర తీత ఎంత, ముసురు ఎంత అని విడదీసి చెప్పడం నా వల్ల కాదు. ఎర్ర మూట వాటా మాత్రం ఏమంత లేదు.

అయితే ఒక మూట పదిహేడొందలు, ఒక మూట 266 ఎలా అయ్యాయి? 2010 ఏప్రిల్ దాకా రెండిటి ధరా ప్రభుత్వమే కట్టేది. ఎమ్ఓపీ టన్ను 4,455 రూపాయలు, అంటే మూట 223. ఆ నెల నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ అని తెచ్చి, పొటాష్‌కి కిలోకింత అని సబ్సిడీ ఇచ్చి ధరని కంపెనీలకి వదిలేశారు. యూరియాని మాత్రం ముట్టుకోలేదు, దాని ధర కట్టినట్టే ఉంచారు. మనకేమో ఎమ్ఓపీ గనుల్లేవు, మొత్తం దిగుమతే. కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్ నుంచి రావాలి. 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా తమ రైళ్ళ మీద బెలారస్ పొటాష్ పోకుండా ఆపేసింది, ఆ నెలాఖరుకి ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ఆ ఏడు మా అంగట్లో మూట 1,700. ఎక్కడో బాల్టిక్ సముద్రం రేవుకి తాళం పడితే మా నాయన ఒక మూట తగ్గించి, దాని బదులు రెండు మూటల యూరియా వేశాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. స్ప్రెడ్‌షీట్ వేసి మరీ చేసేవాణ్ణి.

ఆయన చేసిన పోలిక అది, పొటాష్‌కీ యూరియాకీ మధ్య. నేను చేసిన పోలిక ఎర్ర మూటకీ తెల్ల మూటకీ మధ్య. ఆయనది తప్పు లెక్క కావచ్చు గానీ, ఉన్న ప్రశ్న అదే.

2024-25లో మళ్ళీ వేశాం. ఈసారి ఎమ్ఓపీయే, ఎకరాకి రెండు మూటలు. ఒకటి నాటేటప్పుడు బోదెలో, ఇంకోటి నెల రోజులకి మన్ను ఎగదోసేటప్పుడు. ఎమ్ఓపీని ముందుగా వేస్తే క్లోరైడ్ కొంతైనా తడులకి కిందికి దిగుతుంది, చివర్లో వేస్తేనే ఇబ్బంది. యూరియా నలభై రోజులకి బంద్. గంధకం కావాలనుకుంటే ఎస్ఓపీ కొనక్కర్లేదు, జిప్సం చాలా చవక, అది నాలుగు మూటలు వేశాం. తీతకి పది రోజుల ముందు నీళ్ళు ఆపి, తీగ కోసేసి, తోలు గట్టిపడ్డాక, 102వ రోజున తీశాం. తీగ కోసేయడం నాయనకి అస్సలు నచ్చలేదు. పచ్చటి పైరుని చేతులారా కొయ్యడమేందని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. 13-0-45 పిచికారీ ఒకసారి చేద్దామని నేనంటే, "చాల్లేప్పా" అన్నాడు. వదిలేశాను.

తీసిన రోజు నేను ఊళ్ళో లేను, రిలీజ్ ఉంది. సాయంత్రం అయిదింటికి, మళ్ళీ పగలే, ఫోన్ వచ్చింది.

"372" అన్నాడు.

"ఎన్ని శాంపిల్స్?"

"మూడు. 368, 371, 377. నీ మాదిరే తూచినా."

ఆ ఏడు చిప్స్ కంపెనీ వాళ్ళు మా వైపు రాలేదు. గడ్డ మామూలుగా యార్డుకే పోయింది. అక్కడ సైజు చూశారు, తోలు చూశారు, ఒక గడ్డ కోసి చూశారు, ధర చెప్పారు. పక్కవాళ్ళ దానికి చెప్పిన ధరే. తోలు లేవలేదు కాబట్టి తరుగు కొంచెం తక్కువ తీశారని నాయన సంతోషం. గాజులు ఇంటికొచ్చాయి, అయితే అవి ఉర్లగడ్డ డబ్బులతో కాదు, టమోటా డబ్బులతో.

నీళ్ళ తొట్టి మీద కొయ్య, సంచి అలాగే ఉన్నాయి. పక్క పొలాల వాళ్ళు కూడా తెచ్చి తూచుకుపోతున్నారట. ఈసారి నాటేటప్పుడు నాయన ఒక చివర ఎనిమిది సాళ్ళు వదలమన్నాడు, ఇటుక బట్టీ నుంచి బూడిద తెచ్చి వేస్తాడట. బూడిదకి మట్టి క్షారం వైపు మళ్ళి గజ్జి తెగులు వస్తుందేమో చూసుకో అన్నాను. "రానీ, చూద్దాం" అన్నాడు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక కాలమ్ కలిపాను.